మాల్దీవుల విమాన ప్రయాణం: ద్వీపం నుంచి వెనక్కి లెక్కించి టికెట్ కొనే విధానం

మాల్దీవులకు టికెట్ వెతికేవారు సాధారణంగా తాము బయలుదేరే ఊరు, మాలే, తేదీ ఈ మూడూ నింపి, వచ్చిన జాబితాలో అన్నిటికంటే తక్కువ ధర ఉన్నదానిని ఎంచుకుంటారు. చాలా దేశాలకు ఈ పద్ధతి సరిపోతుంది గాని, మాల్దీవుల విషయంలో తరచుగా బెడిసికొడుతుంది. ఎందుకంటే విమానం దిగే చోటు మన గమ్యం కాదు. ఉత్తర దక్షిణాలుగా ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పరచుకున్న 26 పగడపు వలయాలలో (వీటినే అటాల్‌లు అంటారు), దాదాపు 1,190 దీవులలో ఏదో ఒకటి మన గమ్యం. అక్కడికి చేరడానికి విమానాశ్రయం నుంచి మరో ప్రయాణం చేయాలి, ఆ రెండో ప్రయాణానికి దానికంటూ వేళలు ఉన్నాయి. అంతర్జాతీయ విమానం ఆ వేళలకు కుదిరితే మధ్యాహ్నానికల్లా సముద్రం ఒడ్డున ఉంటాము, కుదరకపోతే విమానాశ్రయం పక్కనే ఒక రాత్రి గడపవలసి వస్తుంది.

కాబట్టి ఈ మార్గదర్శిలో క్రమం తలకిందులుగా ఉంటుంది. ముందు ద్వీపం, తరువాత అక్కడికి చేర్చే సాధనం, దానిని బట్టి మాలేలో దిగవలసిన వేళ, ఆ వేళను బట్టి విమానం. ధర పోలిక ఆఖరున వస్తుంది.

మొదటి మెట్టు: బస ఎక్కడో, అక్కడికి ఏది తీసుకువెళుతుందో తేల్చుకోవడం

దేశానికి ప్రధాన ద్వారం వెలానా అంతర్జాతీయ విమానాశ్రయం. ఇది రాజధాని మాలే పక్కనున్న హుల్హులే అనే దీవి మీద ఉంది. 1960లో ఇక్కడ తొలి రన్‌వే ఏర్పడింది. 2022లో 3,400 మీటర్ల కొత్త రన్‌వే వాడుకలోకి రావడంతో అతి పెద్ద విమానాలు కూడా దిగగలుగుతున్నాయి. 2018లో ప్రారంభమైన సినమాలే వంతెన ఈ దీవిని ఒకవైపు మాలేతోనూ, రోడ్డు మార్గం మరోవైపు హుల్హుమాలేతోనూ కలుపుతోంది. బస ఈ రెండు చోట్లలో ఏదో ఒకదానిలో అయితే టాక్సీ, బస్సు చాలు, ఏ వేళ దిగినా ఇబ్బంది లేదు. అంతకు మించి దూరమైతే మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది స్పీడ్‌బోటు. ఉత్తర, దక్షిణ మాలే అటాల్‌లలోని రిసార్టులకు, మాఫుషి వంటి జనావాస దీవులకు ఇదే దారి. మాఫుషి విమానాశ్రయానికి సుమారు 27 కిలోమీటర్ల దూరం, అరగంట నుంచి ముప్పావుగంటలో చేరవచ్చు. రిసార్టుల సొంత బోట్లు చాలావరకు రాత్రివేళ కూడా నడుస్తాయి. గెస్ట్‌హౌస్‌లకు వెళ్లే ఉమ్మడి బోట్లకు మాత్రం నిర్ణీత వేళలు ఉంటాయి. కాస్త ఆలస్యంగా దిగితే ఆఖరి బోటు వెళ్లిపోయి ఉండవచ్చు. శుక్రవారం అక్కడ సెలవు దినం, ఆ రోజు ప్రభుత్వ ఫెర్రీలు చాలా మార్గాలలో నడవవు, ప్రైవేటు బోట్ల వేళలూ మారతాయి. శుక్రవారం దిగేలా టికెట్ తీసుకునేవారు గెస్ట్‌హౌస్ యజమానిని ఈ సంగతి విడిగా అడగాలి.

రెండవది సీప్లేన్, అంటే నీటి మీద దిగే చిన్న విమానం. బా, రా, నూను, అరి వంటి అటాల్‌లలోని అనేక రిసార్టులకు ఇదే ప్రధాన సాధనం. వీటిలో ఎక్కువ భాగం సుమారు పదిహేను మంది పట్టే ట్విన్ ఆటర్ విమానాలు. తెల్లని చొక్కా వేసుకున్న పైలట్ చెప్పులు లేకుండా ఉత్త కాళ్లతో కాక్‌పిట్‌లోకి ఎక్కడం, తేలే చెక్క వేదిక పక్కన విమానాన్ని తాడుతో కట్టడం మొదటిసారి చూసేవారికి విడ్డూరంగా ఉంటుంది. తక్కువ ఎత్తులో ఎగురుతుంది కాబట్టి కిందనున్న నీలం, లేత ఆకుపచ్చ వలయాలు కిటికీలోంచి స్పష్టంగా కనిపిస్తాయి. ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అరగంట అది.

మూడవది దేశీయ విమానం. దూరపు అటాల్‌లకు, ముఖ్యంగా భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న అడ్డూకు, ఇదే సరైన దారి. అక్కడి గాన్ విమానాశ్రయం ఒకప్పుడు బ్రిటిష్ వైమానిక దళపు స్థావరం. మాలే నుంచి అక్కడికి గంటకు పైగా పడుతుంది. బా అటాల్‌లోని ధరవందూ, నూనులోని మాఫరు, ఉత్తరాన హనిమాధూ వంటి చోట్ల కూడా విమానాశ్రయాలు ఉన్నాయి. వాటిలో దిగి అక్కడి నుంచి స్పీడ్‌బోటులో రిసార్టుకు వెళతారు.

రిసార్టుకు ఉత్తరం రాసేటప్పుడు ఒక్క ప్రశ్నతో సరిపెట్టవద్దు. మీ దీవికి ఎన్ని మార్గాలు ఉన్నాయి, రానుపోను పన్నులతో కలిపి ఒక్కొక్కరికి ఎంత, పిల్లలకు ఎంత, మాలేలో ఏ వేళలోపు దిగితే అదే రోజు తీసుకువెళతారు, తిరుగు ప్రయాణంలో ఏ వేళ తరువాతి విమానానికి అందించగలరు అని అడగాలి. చివరి రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులే తరువాతి మెట్లన్నిటికీ ఆధారం.

రెండవ మెట్టు: దిగవలసిన వేళను లెక్కగట్టడం

సీప్లేన్ పగటిపూట మాత్రమే ఎగురుతుంది. పైలట్ నీటి మీది అలల తీరును, కింద ఉన్న పగడపు దిబ్బలను, అడ్డువచ్చే పడవలను కంటితో చూసి దిగాలి, దీపాల వరుస ఉన్న రన్‌వే సముద్రం మీద ఉండదు. పైగా ఈ దేశం భూమధ్యరేఖ మీద ఉండడం వల్ల ఏ నెలలో వెళ్లినా సూర్యుడు సాయంత్రం ఆరు గంటలకు అటూఇటూగానే అస్తమిస్తాడు. వేసవి కాబట్టి పొద్దు ఎక్కువసేపు ఉంటుందిలే అనుకోవడానికి వీలు లేదు. విమానం తిరిగి మాలేకు చీకటిపడక ముందే చేరాలి గనుక, దూరపు దీవులకు ఆఖరి ప్రయాణం ఇంకా ముందే ముగుస్తుంది. ఇమ్మిగ్రేషన్, లగేజీ, సీప్లేన్ చెక్-ఇన్ కలిపి గంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. అందువల్ల మధ్యాహ్నం మూడున్నరలోపు మాలేలో దిగడం సాధారణ నియమంగా పెట్టుకోవాలి. మధ్యాహ్నం రెండుకు ముందే దిగితే ఇంకా నిశ్చింత.

తిరుగు ప్రయాణానికి ఇదే లెక్క తలకిందులవుతుంది. సీప్లేన్‌లు తెల్లవారాక గాని కదలవు. ఉదయం తొమ్మిదిలోపు బయలుదేరే అంతర్జాతీయ విమానం ఎక్కాలంటే ముందు రోజే మాలేకు వచ్చి పడుకోవాలి. పది, పదకొండు గంటల విమానమైతే చీకటితోనే లేచి తొలి సీప్లేన్ అందుకోవాలి, ఆనాడు వాన పడితే గుండె చేతిలో పట్టుకుని కూర్చోవాలి. మధ్యాహ్నం ఒంటిగంట తరువాత బయలుదేరే విమానం కుటుంబాలకు అన్నివిధాలా మేలు.

ఇంకో సంగతి చాలామందికి ముందుగా తెలియదు. సీప్లేన్ కచ్చితమైన వేళ టికెట్ కొన్నప్పుడు ఉండదు. మీ అంతర్జాతీయ విమానం వివరాలను రిసార్టు సీప్లేన్ సంస్థకు పంపుతుంది, వారు ఆ రోజు వచ్చే ప్రయాణికులందరినీ కలిపి, ముందు రోజు సాయంత్రానికి పట్టిక వేస్తారు. ఒకే విమానం రెండు మూడు దీవుల దగ్గర ఆగుతూ వెళ్లవచ్చు. కాబట్టి మాలేలో దిగాక లాంజ్‌లో రెండు మూడు గంటలు కూర్చోవలసి వస్తే దానిని అన్యాయంగా భావించవద్దు, ఆ సమయాన్ని లెక్కలో ముందే వేసుకోవాలి.

మీకు నచ్చిన అంతర్జాతీయ విమానం సాయంత్రం ఐదున్నరకో, రాత్రి తొమ్మిదికో దిగుతుందని అనుకుందాం. అప్పుడు సీప్లేన్ దీవిని వదిలి, దేశీయ విమానాశ్రయం దగ్గరలో ఉన్న రిసార్టును గాని, స్పీడ్‌బోటు చేరే రిసార్టును గాని వెతకండి. దేశీయ విమానాలు కొన్ని విమానాశ్రయాలకు చీకటిపడ్డాక కూడా నడుస్తాయి. బా అటాల్‌కు సీప్లేన్ అందని వేళ ధరవందూ విమానం అందుతుంది. ఆ అటాల్‌లోనే ఉన్న అనేక రిసార్టులు రెండు మార్గాలనూ ఇస్తాయి గాని, అడిగితే తప్ప రెండోది చెప్పరు.

గడియారం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మాలే కాలమానం భారత కాలమానం కంటే అరగంట వెనుక, గ్రీనిచ్‌కు ఐదు గంటలు ముందు. టికెట్ మీద ప్రతి వేళా ఆయా ఊరి కాలమానంలోనే ఉంటుంది. అయితే కొన్ని రిసార్టులు పగటి వెలుగు ఎక్కువసేపు దొరకడానికి తమ గడియారాన్ని మాలే కంటే గంట ముందుకు జరిపి 'ద్వీప కాలం' పాటిస్తాయి. తిరుగు ప్రయాణం రోజున మీకు చెప్పిన వేళ ద్వీప కాలమా, మాలే కాలమా అని నోరు తెరిచి అడగండి. ఫోన్‌లోని గడియారం మాలే కాలాన్నే చూపిస్తుంది. ఈ ఒక్క గంట తేడాతో జెట్టీ దగ్గరికి పరుగెత్తిన కుటుంబాన్ని నేను కళ్లారా చూశాను. తల్లి చేతిలో బిడ్డ ఉన్నాడు, తండ్రి చేతిలో ఇంకా జిప్పు పడని పెట్టె ఉంది.

మూడవ మెట్టు: ఎటువైపు నుంచి ఎలా వెళ్లాలి

ఇప్పుడు విమానాలు వెతకవచ్చు. మాలేకు ప్రపంచం నలుమూలల నుంచి దారులు ఉన్నా, ముఖ్యమైనవి విమానం మారే కొన్ని కూడళ్ల మీదుగానే సాగుతాయి.

గల్ఫ్ కూడళ్లది మొదటి స్థానం. దుబాయ్ నుంచి ఎమిరేట్స్, దోహా నుంచి ఖతార్ ఎయిర్‌వేస్, అబుదాబి నుంచి ఎతిహాద్ నడుస్తాయి. దుబాయ్ నుంచి మాలేకు నాలుగు గంటల పైచిలుకు. ఐరోపా, అమెరికా, ఆఫ్రికా నుంచి వచ్చేవారికి ఇవే ఎక్కువ వీలు, ఎందుకంటే రోజుకు ఒకటికి మించి విమానాలు ఉండడం వల్ల దిగే వేళను మనమే ఎంచుకోవచ్చు. రాత్రి గల్ఫ్‌లో మారి ఉదయాన మాలేలో దిగే విమానం సీప్లేన్‌కు అచ్చంగా సరిపోతుంది. అదే సంస్థ సాయంత్రం దింపే విమానం పది, పదిహేను శాతం చవకగా కనిపించినా సీప్లేన్ దీవికి పనికిరాదు.

తూర్పు నుంచి సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ కూడళ్లు. ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాల నుంచి వచ్చేవారికి సింగపూర్ అనువైనది, అక్కడి నుంచి నాలుగున్నర గంటల ప్రయాణం. ఈ దిశలో రాత్రి పొద్దుపోయాక మాలే చేరే విమానాలు ఉంటాయి, అందువల్ల ఒక రాత్రి బస ఖర్చును ముందే కలుపుకోవాలి.

కొలంబో విషయం వేరు. శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ అక్కడి నుంచి మాలేకు గంటన్నరలో చేరుస్తుంది. దక్షిణాసియా వారికే కాక, శ్రీలంకలో నాలుగు రోజులు, మాల్దీవులలో నాలుగు రోజులు గడపదలచినవారికి ఇదే ఉత్తమం. అలాంటివారు రానుపోను మాలేకే కాకుండా, ఒక ఊరిలో దిగి మరో ఊరి నుంచి ఎక్కే 'మల్టీ సిటీ' పద్ధతిలో వెతకాలి. వెనక్కి రావడానికి అయ్యే ఖర్చు, సమయం రెండూ ఆదా అవుతాయి. భారతదేశం నుంచి ముంబై, బెంగళూరు, ఢిల్లీ, కొచ్చి వంటి నగరాలు నేరుగా మాలేతో కలిసి ఉంటూ వచ్చాయి. బెంగళూరు నుంచి రెండు గంటలకు కాస్త అటూఇటూ పడుతుంది. ఈ నేరు విమానాల రోజులు, వేళలు సీజన్ వారీగా మారతాయి కనుక, తేదీలు ఖాయం చేసుకునే ముందు ఆయా సంస్థల తాజా పట్టిక చూడాలి.

ఐరోపా నుంచి నేరుగా వచ్చేవాటిలో ఇస్తాంబుల్ నుంచి టర్కిష్ ఎయిర్‌లైన్స్, జ్యూరిక్ నుంచి ఎడెల్‌వైస్, లండన్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ వంటివి ఉన్నాయి. లండన్ నుంచి పదిన్నర గంటల ప్రయాణం. ఐరోపా నేరు విమానాలలో చాలావరకు అక్కడి చలికాలానికే పరిమితం. చంటిపిల్లలతో వెళ్లేవారు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు నేరు విమానానికి కొంత ఎక్కువ పెట్టడం సబబని నా అభిప్రాయం. అర్ధరాత్రి ఒక టెర్మినల్ నుంచి మరో టెర్మినల్‌కు నడిచే శ్రమ ధరలో కనిపించదు.

నాల్గవ మెట్టు: ఒకే టికెట్టా, రెండు టికెట్లా

ధర తగ్గించుకోవడానికి కొందరు కూడలి వరకు ఒక సంస్థలో, అక్కడి నుంచి మాలేకు మరో సంస్థలో విడివిడిగా కొంటారు. ఇందులో మూడు చిక్కులు ఉన్నాయి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే బుకింగ్‌లో ఉన్నప్పుడు విమాన సంస్థే తరువాతి విమానంలో పంపుతుంది, విడివిడిగా కొన్నప్పుడు రెండో టికెట్ డబ్బు పోయినట్టే. రెండవది, లగేజీ నేరుగా మాలే వరకు వెళ్లకపోవచ్చు. కూడలిలో బయటికి వచ్చి, పెట్టెలు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. మూడవది ఇంకా ముఖ్యం. అలా బయటికి రావాలంటే ఆ దేశపు వీసా ఉండాలి. ట్రాన్సిట్‌లో లోపలే ఉండేవారికి వీసా అక్కరలేని చోట కూడా, బయటికి అడుగుపెట్టేవారికి అవసరం కావచ్చు. మీ పాస్‌పోర్టుకు ఆ కూడలిలో ఉన్న నియమం చదవకుండా విడి టికెట్లు కొనవద్దు.

విడి టికెట్లే కొనాలనుకుంటే రెండు విమానాల మధ్య కనీసం నాలుగైదు గంటలు ఉంచాలి. ఒకే టికెట్ మీద అయితే రెండు గంటలు ఉంటే నిబ్బరంగా ఉండవచ్చు. ప్రయాణాలకు విమాన సంస్థలు ఇచ్చే మైళ్లను (పాయింట్లను) కూడబెట్టుకునేవారు ఆ సంస్థల కూటములను గుర్తుంచుకోవాలి. సింగపూర్, టర్కిష్, ఎయిర్ ఇండియా స్టార్ అలయన్స్‌లో ఉన్నాయి. ఖతార్, శ్రీలంకన్, మలేషియా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వన్‌వరల్డ్‌లో ఉన్నాయి. ఒకే కూటమిలోని రెండు సంస్థలను ఒకే టికెట్ మీద కలపడం సులువు.

ఐదవ మెట్టు: పెట్టెల బరువు

అంతర్జాతీయ టికెట్ మీద ముప్పై కిలోలు రాసి ఉందని సంబరపడి పెట్టెలు నింపవద్దు. సీప్లేన్‌లో ఒక్కొక్కరికి సాధారణంగా 20 కిలోల పెట్టె, 5 కిలోల చేతి సంచి మాత్రమే. అదనపు ప్రతి కిలోకు డాలర్లలో వసూలు చేస్తారు. విమానం నిండిపోతే ఎక్కువైన పెట్టె తరువాతి విమానంలో రావచ్చు. అందుకని మందులు, పిల్లల బట్టలు, ఈత దుస్తులు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద గట్టి పెట్టె ఒకటి కంటే మెత్తని సంచులు రెండు మేలు. రాను ఒక సంస్థ, పోను మరో సంస్థ అయితే రెండిటిలో తక్కువ బరువునే మీ పరిమితి అనుకోండి.

ఆరవ మెట్టు: అసలు ఖర్చును పోల్చడం

ఇప్పుడు ధరల దగ్గరికి వద్దాం. జాబితాలో మిగిలిన రెండు మూడు విమానాలకు టికెట్ ధర, లగేజీ రుసుము, దీవికి రానుపోను ఖర్చు, దారిలో పడుకోవలసి వస్తే బస ఖర్చు కలిపి పక్కపక్కన రాయండి. ఉదాహరణకు ఒక విమానం రెండో దాని కంటే మనిషికి 70 డాలర్లు చవక, కాని సాయంత్రం దిగుతుంది అనుకుందాం. దంపతులకు 140 డాలర్లు మిగిలినట్టు కనిపిస్తుంది. హుల్హుమాలేలో ఒక రాత్రి గది, రెండుసార్లు టాక్సీ, రాత్రి భోజనం తీసివేస్తే మిగిలేది కొద్దే. రిసార్టులో అప్పటికే డబ్బు కట్టిన మొదటి రాత్రి వృథా అయితే నష్టం వందల డాలర్లకు చేరుతుంది. సాయంత్రం విమానమే గతి అయితే, రిసార్టు బుకింగ్‌ను మరునాటి నుంచి మొదలుపెట్టండి.

పన్నుల విషయంలో ఒక తేడా గమనించాలి. 2024 డిసెంబరు 1 నుంచి మాల్దీవులు విడిచి వెళ్లే విదేశీయులకు నిష్క్రమణ పన్ను, విమానాశ్రయ అభివృద్ధి రుసుము తరగతిని బట్టి పెరిగాయి. ఎకానమీలో ఒక్కొక్కటి 50 డాలర్లు, బిజినెస్‌లో 120, ఫస్ట్ క్లాస్‌లో 240. రెండూ కలిపితే ఎకానమీకి 100, బిజినెస్‌కు 240, ఫస్ట్‌కు 480 డాలర్లు. ఇవి మామూలుగా టికెట్ ధరలోనే కలిసి ఉంటాయి. అయితే మైళ్లతో టికెట్ తీసుకున్నవారు ఇవి విడిగా కట్టాలి గనుక, తిరుగు ప్రయాణానికి మాత్రమే పై తరగతి తీసుకునే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

కాలం కూడా ధరను మారుస్తుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్య రుతుపవనం, స్థానికుల మాటలో ఇరువై. ఆకాశం తేటగా, సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, టికెట్లు ప్రియం. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారాలలో మరీ ప్రియం. మే నుంచి అక్టోబరు వరకు హుల్హంగు, నైరుతి గాలి కాలం. వానలు, గాలులు ఉంటాయి, ధరలు దిగుతాయి. బా అటాల్‌లోని హనిఫారు అఖాతంలో మాంటా రే చేపలు గుంపులుగా చేరేది ఈ వానకాలపు నెలలలోనే కాబట్టి, వాటి కోసం వెళ్లేవారికి చవక టికెట్, చూడవలసిన దృశ్యం రెండూ ఒకే కాలంలో దొరుకుతాయి. ఆ నెలలలో స్పీడ్‌బోటు కుదుపు ఎక్కువ, సీప్లేన్ ఆలస్యాలు ఎక్కువ. తిరుగు ప్రయాణంలో మరింత సమయం ఉంచుకోవాలి.

ఏడవ మెట్టు: టికెట్ కొన్నాక చేయవలసినవి

టికెట్ చేతికి రాగానే విమాన సంఖ్య, దిగే వేళ, బయలుదేరే వేళ రిసార్టుకు పంపండి. విమాన సంస్థ వేళ మార్చితే ఆ మార్పును కూడా అదే రోజు పంపండి. సీప్లేన్ పట్టిక వేసేవారికి మీ విమానం మారిందని ఎవరూ తమంతట తాము చెప్పరు.

పర్యాటకులకు మాలేలో దిగినప్పుడే 30 రోజుల వీసా ఉచితంగా ఇస్తారు. రెండు దేశాల ఒప్పందం ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్నవారు 90 రోజుల వరకు ఉండవచ్చు. తిరుగు టికెట్, బస ఖాయమైన కాగితం చూపించాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉంటే చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ప్రశ్నలు రావు. ప్రయాణానికి ముందు 96 గంటలలోపు ఇమూగా అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రయాణికుల ప్రకటన నింపాలి. తిరిగి వచ్చేటప్పుడు కూడా నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు ఏదైనా కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

దారిలో కొన్న వస్తువుల గురించి ఒక మాట. కూడలి విమానాశ్రయంలో డ్యూటీ ఫ్రీ మద్యం కొనవద్దు. మాలే కస్టమ్స్ దానిని తీసుకుని రసీదు ఇచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు అప్పగిస్తుంది. పంది మాంసపు పదార్థాలు, పూజించే విగ్రహాలు తీసుకురావడం నిషిద్ధం. ఎప్పుడూ పెట్టెలో చిన్న విగ్రహం ఉంచుకునేవారు ఈసారి ఇంట్లోనే ఉంచి వెళ్లడం మంచిది. 2024 నవంబరు 15 నుంచి వేప్ పరికరాలను కూడా దేశంలోకి రానివ్వడం లేదు.

ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. మాలేలో దిగే వేళ, సీప్లేన్ లేక బోటు కౌంటర్ పేరు, రిసార్టు ప్రతినిధి ఫోన్ నంబరు, తిరుగు ప్రయాణంలో దీవి విడవవలసిన వేళ, అది ఏ కాలమానమో రాసి మరీ. దిగి, పెట్టెలు తీసుకుని బయటికి వచ్చేసరికి రిసార్టు పేర్లు రాసిన పలకలు పట్టుకున్నవారు వరుసగా నిలబడి ఉంటారు. ఫోన్‌కు ఇంకా సిగ్నల్ అందకపోయినా, ఆ కాగితం చూపిస్తే మీ మనిషి దగ్గరికి ఎవరో ఒకరు చేయి చూపిస్తారు.